రెబెక్కా (నవల)

రెబెక్కా ఆంగ్ల రచయిత్రి డాఫ్నే డ్యూ మారియే వ్రాసిన నవల. ఇది 1938 ఆగస్టులో లండన్‌లోని విక్టర్ గొలాంజ్ ప్రచురణ సంస్థ ద్వారా వెలువడినది. ఇంగ్లండు నైరుతి సముద్రతీరాన్ని తలపించే చోట, ఊళ్ళకు దూరంగా ఉన్న మాండర్లీ అనే పాత ఎస్టేటులో ఈ కథ చాలావరకు జరుగుతుంది. ఆ ఎస్టేటు యజమానికి రెండవ భార్యగా వచ్చిన ఒక యువతి, చనిపోయిన మొదటి భార్య నీడలో బ్రతకవలసి రావడం, ఆ మొదటి భార్య మరణం వెనుక ఉన్న రహస్యం క్రమంగా బయటపడడం ఇందులోని ఇతివృత్తం. చనిపోయిన స్త్రీ పేరు రెబెక్కా. కథ మొత్తం చెప్పే రెండవ భార్య పేరు మాత్రం నవలలో ఎక్కడా కనిపించదు. ఇరవయ్యవ శతాబ్దపు గోతిక్ నవలలలో ఇది అత్యంత ప్రసిద్ధమైనది. మొదటి ముద్రణ నుండి నేటివరకు ఎన్నడూ అచ్చు ఆగిపోని పుస్తకాలలో ఇది ఒకటి.

గోతిక్ నవలా సంప్రదాయం

గోతిక్ అనే మాట ఐరోపాలో మధ్యయుగాలలో కట్టిన ఎత్తయిన కోటలు, చర్చీల నిర్మాణ శైలికి పేరు. అటువంటి పాత కట్టడాలలో జరిగే భయానక, రహస్య కథలకు కూడా అదే పేరు స్థిరపడింది. 1764 చివరలో హొరేస్ వాల్‌పోల్ వెలువరించిన ద కాజిల్ ఆఫ్ ఒట్రాంటో ఈ కోవలో మొదటి నవలగా భావింపబడుతున్నది. 1794లో ఆన్ రాడ్‌క్లిఫ్ వ్రాసిన ద మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో ఈ కథల చట్రాన్ని నిలబెట్టింది. ఒంటరి యువతి, దూరాన ఒక కోట, తాళం వేసిన గదులు, గతాన్ని దాచే యజమాని ఈ చట్రంలోని అంశాలు. ఈ ధోరణిని జేన్ ఆస్టిన్ తన నార్తాంగర్ ఆబీ నవలలో సున్నితంగా పరిహసించింది.

1847లో షార్లెట్ బ్రాంటీ వ్రాసిన జేన్ ఐర్‌తో ఈ కథ కోట నుండి ఇంగ్లీషు జమీందారీ భవంతిలోకి వచ్చింది. అందులో పేద ఉపాధ్యాయిని తన యజమానిని ప్రేమిస్తుంది. అతని మొదటి భార్య అదే ఇంటి పై అంతస్తులో బందీగా ఉంటుంది. చివరకు ఆ ఇల్లు అగ్నికి ఆహుతి అవుతుంది. రెబెక్కాకు దీనితో ఉన్న పోలికలు స్పష్టమైనవి. ఒక్క ముఖ్యమైన తేడా ఉంది. జేన్ ఐర్‌లో మొదటి భార్య బ్రతికి ఉండి కూడా ఎవరికీ కనబడదు. రెబెక్కాలో మొదటి భార్య చనిపోయి కూడా ఇల్లంతా తానే అయి ఉంటుంది. ఈ నవలలో దయ్యం లేదు, అతీత శక్తులు లేవు. ఉన్నదల్లా ఒక ఇల్లు, ఆ ఇంటి అలవాట్లు, వాటిని మార్చనివ్వని మనుషులు.

రచయిత్రి

డాఫ్నే డ్యూ మారియే 1907 మే 13న లండన్‌లో జన్మించింది. తండ్రి జెరాల్డ్ డ్యూ మారియే ఆ కాలంలో పేరుపొందిన రంగస్థల నటుడు. తాత జార్జ్ డ్యూ మారియే చిత్రకారుడు, ట్రిల్బీ అనే నవల వ్రాసిన రచయిత. 1920ల చివరలో ఈ కుటుంబం కార్న్‌వాల్‌లోని ఫోయ్ పట్టణం ఎదుట, నది ఒడ్డున ఒక ఇల్లు కొన్నది. అప్పటినుండి డాఫ్నే జీవితం, రచన ఆ ప్రాంతంతో ముడిపడిపోయాయి. 1932లో సైనికాధికారి ఫ్రెడరిక్ బ్రౌనింగ్‌ను వివాహమాడింది.

ఆమె ఇతర నవలలలో జమైకా ఇన్ (1936), ఫ్రెంచ్‌మన్స్ క్రీక్ (1941), ద కింగ్స్ జనరల్ (1946), మై కజిన్ రేచల్ (1951) ముఖ్యమైనవి. ద బర్డ్స్, డోంట్ లుక్ నౌ అనే కథలు సినిమాలుగా కూడా ప్రసిద్ధి పొందాయి. 1969లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు డేమ్ బిరుదునిచ్చింది. 1989 ఏప్రిల్ 19న కార్న్‌వాల్‌లో మరణించింది.

రచనా నేపథ్యం

1937లో బ్రౌనింగ్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఒక సైనిక దళానికి అధిపతిగా ఉండేవాడు. డాఫ్నే అతనితోపాటు అక్కడికి వెళ్ళింది. అక్కడి ఎండ ఆమెకు సరిపడలేదు. దళాధిపతి భార్యగా విందులు ఇవ్వడం, అతిథులను పలకరించడం ఆమెకు మరింత కష్టమనిపించింది. స్వతహాగా ఆమె బిడియస్థురాలు. కార్న్‌వాల్ అడవులు, సముద్రం మీద బెంగతో అక్కడే ఈ నవల మొదలుపెట్టింది. మొదట వ్రాసిన సుమారు 15,000 మాటలను నచ్చక చింపివేసింది. ఇంగ్లండుకు తిరిగివచ్చిన తరువాత నవలను పూర్తిచేసింది.

నవలకు మూలమైన భావం అసూయ. బ్రౌనింగ్‌కు పెళ్ళికి ముందు జాన్ రికార్డో అనే యువతితో నిశ్చితార్థం జరిగి రద్దయింది. ఆమె అందగత్తె, నలుగురిలో చొరవగా మెలిగే మనిషి. తన భర్త మనసులో ఆమె ఇంకా ఉన్నదేమోనన్న అనుమానం డాఫ్నేను వేధించేది. ఈ నవల అసూయను గురించిన పరిశీలన అని రచయిత్రి తరువాత పలుమార్లు చెప్పుకొన్నది. ప్రచురణకర్తలు మాత్రం దీనిని గొప్ప ప్రేమకథగా ప్రచారం చేశారు. ఈ రెండు అభిప్రాయాల మధ్య ఉన్న దూరం నవలను అర్థం చేసుకోవడానికి కీలకమైనది.

మొదటి ప్రణాళికలో కథానాయకుని పేరు హెన్రీ. అన్నీ ముగిసిన తరువాత భార్యాభర్తలు పరదేశంలో గడిపే జీవితం చివరి అధ్యాయంగా ఉండేది. రచయిత్రి దానిని నవల మొదటికి మార్చింది. అందువలన ఇల్లు పోయిందన్న సంగతి పాఠకునికి ఆరంభంలోనే తెలిసిపోతుంది. ఎలా పోయింది, ఎందుకు పోయింది అన్నదే చివరివరకు నడిపించే ప్రశ్న అవుతుంది.

మెనాబిల్లీ, మాండర్లీ

మాండర్లీ కల్పిత స్థలం. దానికి ప్రేరణ ఫోయ్ సమీపంలోని మెనాబిల్లీ అనే భవనం. ఇది రాష్లే కుటుంబానికి తరతరాలుగా చెందిన ఎస్టేటు. డాఫ్నే తొలిసారి చూసినప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదు. అడవి మధ్య, గోడలకు తీగలు అల్లుకొని, తలుపులు మూసి ఉన్న ఆ భవనం చుట్టూ ఆమె తరచు తిరుగుతూ ఉండేది. సమీపంలోని పోల్రిడ్‌మత్ అనే చిన్న తీరాన ఉన్న కుటీరం, నవలలో రెబెక్కా ఒంటరిగా గడిపే కుటీరానికి మూలమని భావిస్తారు. భవనం లోపలి గదుల వర్ణనకు మాత్రం చిన్నతనంలో చూసిన కేంబ్రిడ్జిషైర్‌లోని మిల్టన్ హాల్ ఆధారమైనది.

నవల వెలువడిన అయిదేళ్ళకు, 1943లో, డాఫ్నే మెనాబిల్లీని కౌలుకు తీసుకొని బాగుచేయించి కుటుంబంతో అక్కడికి మారింది. తనది కాని ఆ ఇంటిలో పాతికేళ్ళకు పైగా నివసించింది. 1969లో కౌలు ముగియడంతో ఇల్లు యజమానులకు అప్పగించి, దగ్గరలోనే ఉన్న కిల్మార్త్ అనే ఇంటికి వెళ్ళింది. ఒక ఇంటిని ఎంత ప్రేమించినా అది తనది కాదన్న భావన ఆమె జీవితంలోనూ, ఈ నవలలోనూ ఒకే తీరుగా కనిపిస్తుంది.

ముఖ్య పాత్రలు

- కథకురాలు: పేరు చెప్పబడని యువతి. తల్లిదండ్రులు లేరు, ఆస్తి లేదు. పెళ్ళి తరువాత శ్రీమతి డి వింటర్ అని మాత్రమే పిలువబడుతుంది.
- మాక్సిమ్ డి వింటర్: మాండర్లీ యజమాని. వయసు 42 సంవత్సరాలు.
- రెబెక్కా: మాక్సిమ్ మొదటి భార్య. కథ మొదలయ్యేనాటికే మరణించింది.
- శ్రీమతి డాన్వర్స్: ఇంటి నిర్వహణ అంతా చూసే పెత్తందారు. రెబెక్కాను చిన్ననాటినుండి ఎరిగినది.
- ఫ్రాంక్ క్రాలీ: ఎస్టేటు మేనేజరు. మాక్సిమ్‌కు నమ్మకస్తుడు.
- జాక్ ఫావెల్: రెబెక్కా బంధువు, ఆమె ప్రియుడు.
- బియాట్రిస్: మాక్సిమ్ అక్క. నిర్మొహమాటి.
- బెన్: తీరాన తిరిగే అమాయకుడు.
- కల్నల్ జూలియన్: ఆ ప్రాంతపు మేజిస్ట్రేటు.

కథ

(గమనిక: ఈ విభాగంలోను, తరువాతి విభాగాలలోను కథ ముగింపు వెల్లడి చేయబడినది.)

కథకురాలు మాండర్లీని కలలో చూడడంతో నవల ప్రారంభమవుతుంది. ఇప్పుడు ఆమె, ఆమె భర్త విదేశాలలో హోటళ్ళలో కాలం గడుపుతున్నారు. అక్కడినుండి కథ వెనుకకు వెళుతుంది.

ఆమె 21 ఏళ్ళ వయసులో వాన్ హాపర్ అనే ధనిక అమెరికన్ స్త్రీకి తోడుగా ఉండే ఉద్యోగంలో మాంటీ కార్లో వస్తుంది. అక్కడ మాక్సిమ్ డి వింటర్‌తో పరిచయం కలుగుతుంది. కొద్ది వారాలలోనే అతడు పెళ్ళి ప్రస్తావన తెస్తాడు. పెళ్ళి జరిగిన తరువాత ఇద్దరూ మాండర్లీ చేరుకుంటారు. బాట పొడవునా ఎర్రని రోడోడెండ్రాన్ పూలు, వరుసగా నిలబడిన పనివారు, వారి ముందు నల్లని దుస్తులలో డాన్వర్స్ ఆమెకు స్వాగతం పలుకుతారు.

ఆ ఇంటిలో ప్రతిదీ రెబెక్కా నిర్ణయించిన విధంగానే జరుగుతూ ఉంటుంది. భోజనానికి వంటకాలు, గదిలో పూలకుండీ ఉండే చోటు, ఉత్తరాలు వ్రాసే వేళ అన్నీ ఆమె పెట్టిన పద్ధతులే. సముద్రం వైపు ఉన్న పడమటి భాగంలో రెబెక్కా పడకగదిని డాన్వర్స్ ఆమె బ్రతికి ఉన్నట్లే సర్ది ఉంచుతుంది. రెబెక్కా పడవలో వెళ్ళి సముద్రంలో మునిగి చనిపోయిందని, రెండు నెలల తరువాత దూరతీరాన దొరికిన శవాన్ని మాక్సిమ్ గుర్తించాడని కథకురాలికి తెలుస్తుంది. భర్త మౌనాన్ని చూసి, అతడు రెబెక్కాను మరువలేకపోతున్నాడని ఆమె అనుకుంటుంది.

మాండర్లీలో మారువేషాల నృత్య విందు ఏర్పాటవుతుంది. ఇంటిలోని ఒక పూర్వీకురాలి తైలవర్ణ చిత్రంలో ఉన్న దుస్తులను అనుకరించమని డాన్వర్స్ సలహా ఇస్తుంది. ఆ వేషంలో మెట్లు దిగివచ్చిన భార్యను చూసి మాక్సిమ్ కోపంతో వణికిపోతాడు. అంతకుముందు జరిగిన విందులో రెబెక్కా వేసుకొన్నది అదే వేషం. మర్నాడు డాన్వర్స్ ఆ యువతిని కిటికీ దగ్గరకు తీసుకువచ్చి క్రిందికి దూకమని మెల్లగా పురికొల్పుతుంది. అంతలో పొగమంచులో ఒక ఓడ ఒడ్డున ఇరుక్కొన్నదని తెలిపే తారాజువ్వలు పేలడంతో ఆ మైకం తెగిపోతుంది.

ఓడ అడుగుభాగం పరీక్షించడానికి దిగిన గజఈతగానికి రెబెక్కా పడవ కనిపిస్తుంది. పడవ గదిలో ఒక శవం ఉంటుంది. అప్పుడు మాక్సిమ్ భార్యకు నిజం చెబుతాడు. అతడు రెబెక్కాను ఎన్నడూ ప్రేమించలేదు. పెళ్ళయిన అయిదు రోజులకే ఆమె స్వభావం బయటపడింది. మాండర్లీని దేశమంతా మెచ్చుకొనేలా తీర్చిదిద్దుతానని, బదులుగా తన ఇష్టం వచ్చినట్లు జీవిస్తానని ఆమె ఒప్పందం కుదుర్చుకొన్నది. చివరకు ఒక రాత్రి తీరపు కుటీరంలో, తాను వేరొకరి బిడ్డను కని మాండర్లీకి వారసునిగా పెంచగలనన్నట్లు ఆమె మాట్లాడింది. అతడు ఆమెను తుపాకితో కాల్చాడు. శవాన్ని పడవలో ఉంచి, అడుగున రంధ్రాలు చేసి ముంచివేశాడు. తరువాత దొరికిన శవం వేరెవరిదో.

ఈ మాటలు విన్న భార్య భయపడదు. రెబెక్కాను అతడు ప్రేమించలేదన్న ఒక్క సంగతే ఆమెకు వినబడుతుంది. ఆనాటినుండి బిడియం పోయి, ఇంటి యజమానురాలిగా మెలగడం మొదలుపెడుతుంది.

మరణ విచారణలో పడవ నిర్మాత టాబ్, పడవకు లోపలినుండే రంధ్రాలు చేయబడ్డాయని సాక్ష్యమిస్తాడు. ఆత్మహత్య అని తీర్పు వెలువడుతుంది. ఫావెల్ దీనిని నమ్మక, మాక్సిమ్‌ను బెదిరించి డబ్బు గుంజడానికి ప్రయత్నిస్తాడు. రెబెక్కా చనిపోయిన రోజున లండన్‌లో ఒక వైద్యుణ్ణి కలిసినట్లు ఆమె దినచర్య పుస్తకంలో దొరుకుతుంది. అందరూ అక్కడికి వెళతారు. ఆమె గర్భవతి కాదని, నయంకాని కాన్సరుతో బాధపడుతున్నదని, ఆమెకు పిల్లలు పుట్టే అవకాశమే లేదని వైద్యుడు చెబుతాడు. ఆత్మహత్యకు కారణం దొరికినట్లయింది. కేసు ముగుస్తుంది. తనను చంపేలా రెబెక్కాయే తనను రెచ్చగొట్టిందని మాక్సిమ్ గ్రహిస్తాడు.

డాన్వర్స్ సామాను సర్దుకొని వెళ్ళిపోయిందని ఆ రాత్రి ఫోనులో తెలుస్తుంది. మాక్సిమ్ దంపతులు రాత్రంతా కారులో ఇంటివైపు ప్రయాణం చేస్తారు. తెల్లవారకముందే దూరాన ఆకాశం ఎర్రబడుతుంది. సముద్రపు గాలితోపాటు బూడిద ఎగిరివస్తుంది. మాండర్లీ కాలిపోతూ ఉంటుంది. నిప్పు ఎవరు పెట్టారో నవల చెప్పదు.

కథన విశేషాలు

పేరు లేని కథకురాలు

రెండవ భార్య పేరు అందమైనదని, అరుదైనదని మాక్సిమ్ ఒకచోట అంటాడు. అయినా ఆ పేరు పాఠకునికి అందదు. తనకు మొదట తగిన పేరు తోచలేదని, తరువాత పేరు లేకుండా వ్రాయడమే ఒక పరీక్షగా తీసుకొన్నానని రచయిత్రి చెప్పింది. ఫలితంగా కథకు ఒక బలం వచ్చింది. రెబెక్కా పేరు పుస్తకం అట్టమీద, జేబురుమాళ్ళ మీద, ఉత్తరాలలో, పనివారి నోట అంతటా ఉంటుంది. బ్రతికి ఉన్న స్త్రీకి మాత్రం భర్త ఇంటిపేరే దిక్కు. మాండర్లీకి వచ్చిన కొత్తలో ఆమె ఫోను ఎత్తినప్పుడు అవతలి గొంతు శ్రీమతి డి వింటర్ కోసం అడుగుతుంది. ఆమె చనిపోయి ఏడాది దాటిందని ఈమె జవాబిస్తుంది. ఆ పేరు ఇప్పుడు తనదేనన్న సంగతి ఆమెకు తోచనే తోచదు. అవతల మాట్లాడినది ఇంటిలోనే ఉన్న డాన్వర్స్.

ఇల్లు, వారసత్వం

నవలలో ప్రతి ముఖ్యమైన నిర్ణయం ఇంటి కోసమే జరుగుతుంది. భార్య వ్యభిచారం విడాకులకు తగిన కారణమే అయినా, కోర్టుకెక్కితే వచ్చే అపకీర్తికి వెరచి మాక్సిమ్ రెబెక్కాతో ఒప్పందానికి తలవంచుతాడు. పెళ్ళిబంధంలో పుట్టిన బిడ్డను చట్టం సాధారణంగా భర్త బిడ్డగానే ఎంచుతుంది. కాబట్టి వేరొకరి కొడుకు మాండర్లీకి యజమాని కావచ్చు. ఆ మాటే అతని చేత తుపాకి పేల్పిస్తుంది. అంటే హత్యకు కారణం ప్రేమ కాదు, అసూయ కూడా కాదు, ఆస్తి. ఆ ఆస్తే చివరకు అతనికి దక్కదు.

నవల వెలువడిన కాలానికి ఇంగ్లండులో పెద్ద ఎస్టేటుల పరిస్థితి దిగజారుతూ ఉన్నది. 1894లో ప్రవేశపెట్టిన మరణానంతర ఆస్తి పన్ను, మొదటి ప్రపంచ యుద్ధం తరువాత పనివారి కొరత, వ్యవసాయ ఆదాయం తగ్గిపోవడం వంటి కారణాలతో అనేక భవనాలు అమ్ముడుపోయాయి లేదా కూల్చివేయబడ్డాయి. మాండర్లీ దహనాన్ని ఆ జీవన విధానపు ముగింపుకు గుర్తుగా కొందరు విమర్శకులు భావించారు.

పాఠకుని స్థానం

ఆ కాలంలో ఇంగ్లండులో హత్యకు శిక్ష ఉరి. అందువలన నవల చివరి భాగమంతా మాక్సిమ్ ప్రాణాల చుట్టూ తిరుగుతుంది. పాఠకుడు కూడా కథకురాలితోపాటు అతడు బయటపడాలనే కోరుకుంటాడు. పుస్తకం మూసిన తరువాత మాత్రం ఒక సంగతి గుర్తుకు వస్తుంది. రెబెక్కాను గురించి మనకు తెలిసినదంతా ఇతరులు చెప్పినదే. ఆమె దుర్మార్గురాలని చెప్పిన ముఖ్య సాక్షి ఆమెను చంపిన మనిషి. అతని మాటను విని నమ్మినది అతనిని ప్రేమించే స్త్రీ. డాన్వర్స్, ఫావెల్ చెప్పే రెబెక్కా వేరు, ఫ్రాంక్ తడబడుతూ చెప్పే రెబెక్కా వేరు. ఇన్ని గొంతుల మధ్య రెబెక్కా గొంతు మాత్రం లేదు. పెళ్ళితో ముగిసే మామూలు ప్రేమకథకు, ఈ నవలకు ఉన్న అసలు తేడా ఇదే. ఇక్కడ భార్యాభర్తలను కలిపి ఉంచేది ఇద్దరూ దాచుకొన్న ఒక నేరం.

ఆదరణ, విమర్శ

మొదటి ముద్రణలో 20,000 ప్రతులు వేయబడ్డాయి. నవల వెంటనే ప్రజాదరణ పొందింది. 1938 నుండి 1965 వరకు 28 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. 2003లో బ్రిటిష్ పాఠకుల అభిమాన నవలల కోసం బీబీసీ జరిపిన ఎంపికలో 14వ స్థానం పొందింది.

తొలినాటి సమీక్షకులలో చాలామంది దీనిని కాలక్షేప నవలగానే పరిగణించారు. 1970ల తరువాత స్త్రీవాద విమర్శకులు దీనిని కొత్తగా చదివారు. వీరిలో కొందరు రెబెక్కాను దుష్టురాలిగా కాక, వివాహ వ్యవస్థకు లొంగని స్త్రీగా చూశారు. కథకురాలు అసూయపడేది, లోలోపల కోరుకొనేది ఆ స్వేచ్ఛనేనని వాదించారు. డాన్వర్స్‌కు రెబెక్కా పట్ల ఉన్న ఆరాధనలోని తీవ్రత కూడా విస్తృతంగా చర్చింపబడినది. 1993లో మార్గరెట్ ఫార్‌స్టర్ వ్రాసిన డాఫ్నే జీవితచరిత్ర ఈ చర్చలకు మరింత బలమిచ్చింది.

వివాదాలు

బ్రెజిల్ రచయిత్రి కరోలినా నబుకో 1934లో వెలువరించిన ఆ సుసెస్సోరా అనే నవలతో రెబెక్కాకు పోలికలున్నాయని 1940లలో ఆరోపణలు వచ్చాయి. అందులో కూడా రెండవ భార్య, మొదటి భార్య జ్ఞాపకాలతో నిండిన ఇంటికి వస్తుంది. డాఫ్నే, ఆమె ప్రచురణకర్తలు ఈ ఆరోపణను త్రోసిపుచ్చారు. అమెరికాలో ఎడ్వినా మెక్‌డొనాల్డ్ రచన ఆధారంగా వేరొక దావా నడిచింది. 1947లో డాఫ్నే న్యూయార్కు వెళ్ళి కోర్టులో సాక్ష్యమిచ్చింది. 1948లో ఆ దావా కొట్టివేయబడినది.

రూపాంతరాలు

నాటకం, సినిమా, టెలివిజన్

డాఫ్నే స్వయంగా ఈ నవలను నాటకంగా మలచింది. అది 1940లో లండన్‌లో ప్రదర్శింపబడినది. అదే సంవత్సరం అమెరికాలో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దర్శకత్వంలో, డేవిడ్ సెల్జ్‌నిక్ నిర్మాతగా సినిమా వచ్చింది. లారెన్స్ ఒలివియే, జోన్ ఫాంటెయిన్ ప్రధాన పాత్రలు ధరించారు. డాన్వర్స్‌గా జుడిత్ ఆండర్సన్ నటన చిరస్మరణీయమైనది. ఇది హిచ్‌కాక్‌కు మొదటి అమెరికన్ చిత్రం. 11 ఆస్కార్ ప్రతిపాదనలు పొంది, ఉత్తమ చిత్రం, నలుపు తెలుపు ఛాయాగ్రహణం విభాగాలలో బహుమతులు గెలుచుకొన్నది. హిచ్‌కాక్ చిత్రాలలో ఉత్తమ చిత్రం ఆస్కార్ పొందినది ఇదొక్కటే. సినిమాలో రెబెక్కా రూపాన్ని ఒక్కసారి కూడా చూపించలేదు.

అప్పటి హాలీవుడ్ నియమావళి ప్రకారం హత్య చేసినవాడు శిక్ష తప్పించుకోరాదు. అందువలన సినిమాలో మాక్సిమ్ తుపాకి పేల్చడు. జరిగిన గొడవలో రెబెక్కా పడిపోయి, తలకు దెబ్బ తగిలి చనిపోతుంది. ఈ చిన్న మార్పుతో నవలలోని నైతిక చిక్కుముడి మొత్తం విడిపోయింది. నాయకుడు నిర్దోషి అయ్యాడు, ప్రేక్షకుడు నిశ్చింతగా ఇంటికి వెళ్ళాడు. ఇంటికి నిప్పుపెట్టినది డాన్వర్సే అని, ఆమె మంటలలో మరణించిందని కూడా సినిమా స్పష్టంగా చూపిస్తుంది.

1979లో బీబీసీ ధారావాహికలో కథకురాలిగా జోవానా డేవిడ్ నటించింది. 1997 నాటి బ్రిటిష్ టెలివిజన్ ధారావాహికలో అదే పాత్రను ఆమె కుమార్తె ఎమీలియా ఫాక్స్ పోషించింది. 2006లో వియన్నాలో సంగీత నాటకంగా ప్రదర్శింపబడినది. 2020లో బెన్ వీట్లీ దర్శకత్వంలో మరొక సినిమా నెట్‌ఫ్లిక్స్ ద్వారా విడుదలైనది.

భారతీయ చిత్రాలు

1964లో వచ్చిన హిందీ చిత్రం కోహ్రా ఈ నవల ఆధారంగా తీయబడినది. ప్రముఖ గాయకుడు, సంగీత దర్శకుడు హేమంత్ కుమార్ దీని నిర్మాత. బీరేన్ నాగ్ దర్శకుడు. భర్తగా బిశ్వజిత్, డాన్వర్స్‌ను పోలిన దాయీమా పాత్రలో లలితా పవార్ నటించారు. రెండవ భార్యగా నటించిన వహీదా రెహమాన్ 1955లో రోజులు మారాయి చిత్రంలోని ఏరువాక నృత్యంతో తెలుగు ప్రేక్షకులకు పరిచయమైన నటి. నవలలో పేరులేని పాత్రకు ఈ చిత్రంలో రాజేశ్వరి అనే పేరు పెట్టబడినది. 2008లో వచ్చిన హిందీ చిత్రం అనామికకు కూడా ఇదే కథ ప్రేరణ. పేరులేనిది అని అర్థమిచ్చే ఆ పేరు, నవలలోని కథకురాలిని గుర్తుకు తెస్తుంది.

ఇతర రచనలు

1993లో సూసన్ హిల్ మిసెస్ డి వింటర్ అనే పేరుతో ఈ కథకు కొనసాగింపు వ్రాసింది. 2001లో సాలీ బోమన్ వ్రాసిన రెబెక్కాస్ టేల్, మూల నవలలో వినబడని రెబెక్కా గొంతును వినిపించడానికి ప్రయత్నించింది.

విశేషాలు

- రెబెక్కా పడవ పేరు ఫ్రెంచి భాషలో ఉంటుంది. దాని అర్థం తిరిగి వస్తాను అని. ఆ పడవ మళ్ళీ బయటపడడంతోనే కథ మలుపు తిరుగుతుంది.
- లండన్ వైద్యుని వద్ద రెబెక్కా తన అసలు పేరు చెప్పదు. డాన్వర్స్ పేరు చెబుతుంది.
- స్పానిష్ భాషలో ముందు గుండీలుండే ఒక రకం ఊలు చొక్కాను రెబెకా అంటారు. 1940 నాటి సినిమాలో జోన్ ఫాంటెయిన్ ధరించిన దుస్తుల నుండి ఈ మాట పుట్టింది.
- రెండవ ప్రపంచ యుద్ధంలో ఈజిప్టుకు వచ్చిన జర్మన్ గూఢచారులు రహస్య సందేశాల కోసం ఈ నవలను సంకేత గ్రంథంగా ఎంచుకొన్నారు. దీని ఆధారంగా కెన్ ఫాలెట్ 1980లో ద కీ టు రెబెక్కా అనే నవల వ్రాశాడు.
- మెనాబిల్లీలో నివసిస్తున్న కాలంలోనే డాఫ్నే, ఆ ఇంటినే నేపథ్యంగా తీసుకొని పదిహేడవ శతాబ్దపు అంతర్యుద్ధ కాలపు కథతో ద కింగ్స్ జనరల్ నవలను వ్రాసింది.